బెల్లు పక్కన ఇంటిపేరు

మా ఊళ్లో కొత్తవాళ్లెవరైనా గుమ్మంలోకొస్తే ముందు మంచినీళ్లిస్తారు. తర్వాత కాఫీ ఇస్తారు. కాఫీ సగం అయ్యాక చాలా మర్యాదగా అడుగుతారు: “ఇంటిపేరేంటండీ?”

మాది ఉప్పలగుప్తం. అమలాపురం పక్కనే. కొబ్బరితోటలు, వరిచేలు, సముద్రం వైపు వెళ్తే రొయ్యల చెరువులు. ఇంటిపేరు అడగడం మా దగ్గర తప్పేమీ కాదు, పలకరింపులో భాగం. ఇంటిపేరూ ఊరూ చెప్తే చాలు, ఎవరి తాలూకో, ఏ కులమో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పుట్టినప్పటినించీ వింటున్న మాట కాబట్టి దాంట్లో ఏముందో నేనెప్పుడూ ఆలోచించలేదు. జర్మనీలో అద్దె ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చాక ఆలోచించాను.

2023 సెప్టెంబరులో నేనూ మా ఆయనా స్టుట్‌గార్ట్‌లో దిగాం. ఇద్దరం సాఫ్ట్‌వేరే. ఉద్యోగం నాకొచ్చింది, ఆయన ఇక్కడికొచ్చాక వెతుక్కుందాం అనుకున్నారు. ఆఫీసువాళ్లు ఆరు వారాలకి సామానుతో సహా ఒక గది ఇచ్చారు. ఆరు వారాల్లో ఇల్లు దొరక్కపోతుందా అని ధీమా. హైదరాబాద్ మాదాపూర్‌లో నాకు శనివారం పొద్దున వెతకడం మొదలుపెడితే సాయంత్రానికి గది దొరికింది మరి!

ఇక్కడ నాలుగు నెలలు పట్టింది. 74 దరఖాస్తులు పెట్టాం. తొమ్మిదింటికి జవాబొచ్చింది. ఐదు ఇళ్లు చూడనిచ్చారు.

మొదట అర్థం కానిది ప్రకటనల భాష. రెండు గదుల ఇల్లంటే మన టూ బీహెచ్‌కే అనుకున్నాను. కాదు. హాలొకటి, పడగ్గది ఒకటి, వెరసి రెండు. వంటగదీ బాత్రూమూ లెక్కలోకి రావు. అద్దె కూడా రెండు రకాలు: ‘కాల్ట్‌మీటె’, అంటే చల్ల అద్దె. ‘వార్మ్‌మీటె’, అంటే వెచ్చ అద్దె. చల్ల అద్దె గోడలకి మాత్రమే. దానికి నీళ్లు, చెత్త, మెట్ల దీపాలు, చలికాలం హీటింగ్ లాంటివన్నీ కలిపితే వెచ్చ అద్దె. కరెంటూ ఇంటర్నెట్టూ మాత్రం చాలాచోట్ల మళ్లీ విడిగా కట్టుకోవాలి. మేం మొదటి వారమంతా చల్ల అద్దెలు చూసుకుని ‘పర్లేదు, చవకే’ అని మురిసిపోయాం.

ఇంకో వింత వంటగది. మన దగ్గర ఎంత పాత ఇంట్లోనైనా గట్టూ, కుళాయీ ఉంటాయి. ఇక్కడ వంటగది అంటే కొన్నిచోట్ల ఖాళీ గది. గోడలోంచి రెండు పైపులు, ఒక మందపాటి కరెంటు వైరు బయటికి వచ్చి ఉంటాయి, అంతే. స్టవ్, సింకు, అరలు అన్నీ పాత అద్దెకున్నవాళ్లు పీక్కుని పట్టుకుపోతారు. ప్రకటనలో ‘ఇ.బి.కె.’ అని మూడక్షరాలుంటేనే వంటగది సామానుతో ఉన్నట్టు. లైట్లు కూడా అంతే. సీలింగులోంచి వైర్లు వేలాడుతుంటాయి. ‘దీపం పెట్టి పోవాలి’ అనే మన ఆనవాయితీ వీళ్లకి లేదు.

ఇక కాగితాలు. మూడు నెలల జీతం స్లిప్పులు, పాస్‌పోర్టు కాపీ, ఉద్యోగ ఒప్పందం, పాత ఇంటి ఓనరు దగ్గర బాకీ లేదని ఉత్తరం, ఆ పైన షూఫా రిపోర్టు. షూఫా అంటే మన సిబిల్ లాంటిది. దేశంలోకొచ్చి మూడు వారాలైనవాడికి అప్పుల చరిత్ర ఎక్కణ్ణించి వస్తుంది? నాకు మూడు జీతం స్లిప్పులు రావాలంటే మూడు నెలలు ఆగాలి. మూడు నెలలు ఆగాలంటే ఉండటానికి ఇల్లుండాలి.

వీటన్నిటికీ పైన మా గురించి ఒక పేజీ రాసి పెట్టాలి. సిగరెట్లు తాగం, కుక్క లేదు, వీణా మృదంగం వాయించం, అద్దె నెల మొదట్లోనే కడతాం, మేం చాలా నెమ్మదైన మనుషులం. పక్కన నవ్వుతున్న ఫొటో. అచ్చం పెళ్లి బయోడేటా. తేడా ఏంటంటే పెళ్లివాళ్లు సంబంధం నచ్చకపోతే మధ్యవర్తి చేత కబురైనా పెడతారు. ఇక్కడ అదీ లేదు. ప్రకటన వచ్చిన గంటలో పంపినా జవాబుండదు. రాత్రి పదింటికి ఫోన్ పట్టుకుని కూర్చుని కొత్త ప్రకటన పడగానే నొక్కడమే పని. తత్కాల్ టికెట్టు కూడా ఇంతకంటే నయం.

చూడనిచ్చిన ఇళ్ల దగ్గర మెట్ల మీద ఇరవై, ముప్పై మంది లైను. అందరి చేతుల్లోనూ ఫైళ్లు. ఒకావిడ చంకలో పసిపిల్లతో వచ్చింది, ఒకతను తండ్రిని వెంటబెట్టుకొచ్చాడు. లోపలికెళ్లి ఐదు నిమిషాలు చూసి, ‘చాలా బాగుంది’ అని వచ్చిన జర్మన్ అంతా వాడేసి, ఫైలు ఇచ్చి వచ్చేయడం.

ఆరు వారాలు గడిచిపోయాయి. ఆఫీసువాళ్ల గది ఖాళీ చేసి, మా డబ్బులతో నెలనెలా వేరే గదిలోకి మారాం. సామాను రెండు సూట్‌కేసులు దాటకుండా చూసుకునేవాళ్లం. అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా మూత తియ్యలేదు. సొంతిల్లు వచ్చాక తీద్దామని.

ఆ టైములోనే ఒక మోసం దగ్గరదాకా వచ్చింది. సిటీ మధ్యలో పెద్ద ఫ్లాటు, అన్నీ కలిపి 650 యూరోలే. ఓనరు ఇంగ్లండులో ఉందట, రెండు నెలల అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్ చేస్తుందట. మా ఆయన బ్యాంకు యాప్ తెరిచేశారు కూడా. నేను ఫొటోలు ఇంకోసారి చూస్తుంటే గోడ మీద ప్లగ్గులు కనపడ్డాయి. పలక రంధ్రాలు మూడు. జర్మనీ ప్లగ్గులకి గుండ్రటి రంధ్రాలు రెండే. ఆ ఇల్లు జర్మనీలోనే లేదు! కళ్లతో చూడని ఇంటికి ఒక్క సెంటు కూడా పంపకండి. ఇప్పుడు జర్మనీ వస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను మొదట చెప్పే మాట ఇదే.

నవంబరు చివరిలో ఒకరోజు ఆఫీసులో లంచ్ టైములో ప్రకటన చూశాను. ఊరి చివర, ఎస్-బాన్ స్టేషన్ దగ్గర, రెండు గదులు, వంటగది సామానుతో సహా. ఫోన్ నంబరిచ్చారు. వచ్చీరాని జర్మన్‌తో నేనే చేశాను. అవతల పెద్దాయన బాగానే మాట్లాడాడు. ఎంతమంది ఉంటారు, ఎప్పుడు కావాలి అన్నీ అడిగాడు. చివర్లో పేరడిగాడు. ఇక్కడ పేరంటే ఇంటిపేరే. చెప్పాను. అర్థం కాలేదన్నాడు. ఒక్కో అక్షరం చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “క్షమించండి, ఆ ఇల్లు మా అమ్మాయి కోసం ఉంచుతున్నాం.”

సరేనని పెట్టేశాను. ఎదురుగా కూర్చుని తింటున్న మా టీము అబ్బాయి అంతా వింటున్నాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. పది నిమిషాలాగి, నాకు చెప్పకుండా, తన ఫోన్‌లోంచి అదే నంబరుకి చేశాడు. ఇంటిపేరు చెప్పాడు. ఆ పేరుకి అక్షరాలు చెప్పాల్సిన పని రాలేదు. శనివారం పదకొండింటికి వచ్చి చూసుకోమన్నారు.

ఫోన్ పెట్టేశాక పాపం నా మొహం చూడలేకపోయాడు. నాకంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు. ఇది చట్టవిరుద్ధం, ఫిర్యాదు చెయ్యొచ్చు అన్నాడు. నిజమే. జాతి, పుట్టుక చూసి మనిషిని కాదనకూడదని ఇక్కడ 2006 నించి చట్టం ఉంది. అద్దె ఇళ్లకీ వర్తిస్తుంది, కొన్ని మినహాయింపులున్నాయి. కానీ ‘మా అమ్మాయి కోసం’ అన్న మాట అబద్ధమని ఎలా రుజువు చేస్తాం?

అతను చట్టం సంగతి చెప్తూనే ఉన్నాడు. నాకు వినపడటం మానేసింది. ‘మా అమ్మాయి కోసం’ అనే మాట నేను అంతకుముందొకసారి విన్నాను. ఆ అమ్మాయిని నేనే.

2016లో వేసవి సెలవులు అయిపోతున్న రోజులు. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం అయ్యి ఇంట్లో ఉన్నాను. మేడ మీద వాటా ఖాళీ అయ్యి రెండు నెలలైంది. గేటుకి ‘టు లెట్’ అట్ట నేనే స్కెచ్ పెన్నుతో రాసి కట్టాను. ఒకరోజు మధ్యాహ్నం కొత్తగా పోస్టింగ్ వచ్చిన టీచరమ్మ వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఆయన చేతిలో నల్ల గొడుగు. అమ్మ మంచినీళ్లిచ్చింది, కాఫీ ఇచ్చింది. వాళ్లు మేడ మీదకెళ్లి చూసొచ్చారు, బాగుందన్నారు. అద్దె కూడా బేరమాడలేదు.

నాన్న అడిగారు, “ఇంటిపేరేంటండీ?”

ఆయన చెప్పారు. ఊరి పేరు కూడా చెప్పారు. మా నాన్న చాలా మర్యాదస్తుడు. మొహంలో ఏ మార్పూ లేదు. “ఏమీ అనుకోకండే. పై వాటా మా అమ్మాయి కోసం ఉంచామండీ. చదువైపోతోంది, వచ్చేస్తుంది” అని నావైపు చూపించారు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ టీచరమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను.

వాళ్లు లేచారు. ఆ పెద్దాయన మా నాన్నకి నమస్కారం పెట్టి మరీ వెళ్లారు. గేటు దగ్గర ‘టు లెట్’ అట్ట అలాగే వేలాడుతోంది. వాళ్లు దాని పక్కనించే వెళ్లారు. అమ్మ ఆ రెండు కాఫీ గ్లాసులూ పెరట్లోకి తీసుకెళ్లి విడిగా కడిగింది.

ఆ సాయంత్రం నేను టీవీలో ఏం సినిమా చూశానో కూడా గుర్తుంది. ఆ అమ్మాయి పేరు మాత్రం గుర్తులేదు.

ఆఫీసు క్యాంటీన్‌లో ప్లేటు ముందు కూర్చుని ఇదంతా ఒక్కసారి గుర్తొచ్చింది. నాకు జరిగిందానికి కోపం తెచ్చుకుందామంటే రావట్లేదు. ఆ జర్మన్ పెద్దాయన కూడా ఎంత మర్యాదగా మాట్లాడాడో! మా నాన్నలాగే.

తర్వాత ఇలాంటివాటి గురించి చదివాను. 2017లో ఇక్కడి పాత్రికేయులు ‘హన్నా’, ‘ఇస్మాయిల్’ అని మారుపేర్లు పెట్టుకుని దేశమంతా అద్దె ఇళ్లకి వేల దరఖాస్తులు పంపారు. పేరు తప్ప మిగతాదంతా ఒకలాగే రాశారు. జర్మన్ పేర్లకి ఎక్కువ పిలుపులొచ్చాయి, అరబ్బు, టర్కీ పేర్లకి తక్కువ. దానికి రెండేళ్ల ముందు, 2015లో, మన దగ్గర సుఖదేవ్ థోరట్, ఆయన తోటి పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. అక్కడా అంతే. దళిత, ముస్లిం పేర్లు వినగానే ఇళ్లు ఖాళీ లేకుండా పోయాయి. రెండు దేశాల్లోనూ ఇళ్లు చెప్పిన అబద్ధం ఒకటే.

ఇంతకీ మాకు ఇల్లు ఎలా దొరికిందో చెప్పాలి కదా. సిఫార్సు మీద దొరికింది. ఆ టీము అబ్బాయి వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. వాళ్లమ్మ చర్చిలో పాటలు పాడే బృందంలో ఉంటుంది. ఆ బృందంలో ఇంకొకావిడకి పై అంతస్తు ఖాళీ అవుతోంది. ‘మావాడి ఆఫీసులో పనిచేస్తారు, మంచివాళ్లు’ అన్న కబురు ముందే వెళ్లింది. నేను అతనికి మూడు నెలలుగా మాత్రమే తెలుసు. నేను మంచిదాన్నో కాదో అతనికేం తెలుసు? అయినా ఆ ఒక్క మాట 74 దరఖాస్తులు చెయ్యని పని చేసింది. మన దగ్గర ‘మనవాళ్లే’ అంటారే, అదే మాట, జర్మన్‌లో. దాంతోనే లోపలికొచ్చాను. దీన్ని దాచుకుని ‘కష్టపడి సాధించాం’ అని రాయలేను.

ఇంటావిడకి డెబ్భై దాటాయి. కింది అంతస్తులో ఉంటుంది. జనవరిలో ఒక శనివారం మమ్మల్ని కూర్చోబెట్టి కేకు పెట్టి అరగంట ప్రశ్నలడిగింది. రాత్రిళ్లు వంట చేస్తారా? చలికాలం రోజూ కిటికీలు తెరుస్తారా? చుట్టాలు ఎన్నాళ్లుంటారు? చివరికి అసలు ప్రశ్న: కేర్‌వోఖె చేస్తారా?

కేర్‌వోఖె అంటే ఊడ్పు వారం. ఈ ప్రాంతంలో అదొక పెద్ద ఆచారం. అద్దెకున్నవాళ్లు వంతులవారీగా వారానికొకరు మెట్లు, వరండా, బయట కాలిబాట ఊడ్చి తుడవాలి. ఎవరి వంతొస్తే వాళ్ల తలుపుకి చిన్న చెక్కబోర్డు వేలాడదీస్తారు. నేను చెప్పాను, మా ఇంట్లో అమ్మ రోజూ తెల్లారగట్లే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెడుతుందని. ఆవిడ కళ్లజోడు సర్దుకుని అడిగింది, “రోజూనా? ఆదివారం కూడానా?” ఆదివారం కూడా అన్నాను. “ఇక్కడ ఆదివారం వద్దు” అంది. ఒప్పందం మీద సంతకాలు ఆ రోజే అయ్యాయి. మాకెందుకిచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. సిఫార్సు వల్లో, ముగ్గు వల్లో, ఇంకెవరూ నచ్చకో.

సంతకాల దగ్గర నేర్చుకున్నవి కొన్ని, మీకు పనికొస్తాయి. అడ్వాన్సు మూడు నెలల చల్ల అద్దెకి మించి అడగకూడదు. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు మనకుంది. మేం అలాగే కట్టాం. బ్రోకర్‌ని ఇంటివాళ్లు పెట్టుకుంటే వాళ్లే డబ్బులివ్వాలి, 2015 జూన్ నించి ఇదే రూలు. తాళాలిచ్చే రోజు గోడ మీద ప్రతి గీతా ఫొటో తీసి, కాగితం మీద రాయించుకోండి. ఖాళీ చెయ్యాలంటే మామూలుగా మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో ఊరి ఆఫీసుకెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. తాత్కాలిక గదులు తీసుకునేటప్పుడు ఆ కాగితం ఇస్తారో లేదో ముందే అడగండి. ఆ నమోదు లేకపోతే ఇక్కడ చాలా పనులు కదలవు.

ఫిబ్రవరి మొదటి తారీఖున దిగాం. వంటగది ఖాళీ. వేరే ఊళ్లో ఇల్లు మారుతున్నవాళ్ల దగ్గర పాత కిచెన్ 350 యూరోలకి మాట్లాడుకున్నాం, అది రావడానికి ఇంకో వారం. అయినా అమ్మ ఫోన్‌లో ముహూర్తం చెప్పింది కాబట్టి నేల మీద ఇండక్షన్ పొయ్యి పెట్టి పాలు పొంగించాం. వీడియోలో అమ్మా నాన్నా చూస్తున్నారు. దేవుడి ఫొటో నడవాలో పెట్టి మా ఆయన కర్పూరం వెలిగించారు. సరిగ్గా ఆయన నెత్తి మీదే పొగ పసిగట్టే అలారం. ఇక్కడ ఇళ్లలో అవి తప్పనిసరి. ఒక్కసారిగా కూత! ఇంటావిడ తడిచేతులతో పైకి పరిగెత్తుకొచ్చింది. మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతున్నారు, నేను హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డాను, ఫోన్‌లోంచి నాన్న “ఏమైందే, ఏమైందే” అని అరుస్తున్నారు. పాలు పొంగితే ఇంట్లో అన్నీ పొంగుతాయని మా నమ్మకం అని చెప్పాను. ఆవిడ గిన్నెలోకి తొంగిచూసి, “నేల మీద కూడా పొంగాయి” అని, తుడుచుకోవడానికి గుడ్డ తెచ్చిచ్చింది.

ఆ రాత్రి ఆవకాయ సీసా మూత తీశాం.

అలవాటు కావడానికి ఏడాది పట్టింది. రాత్రి పదినించి పొద్దున ఆరుదాకా చప్పుడు చెయ్యకూడదు, ఆదివారం రోజంతా. మిక్సీలో కొబ్బరి పచ్చడి శనివారమే చేసి పెట్టుకుంటాను. కొబ్బరికాయ కొట్టడం కూడా శనివారమే. కోనసీమ పిల్లని, ఎండి గుప్పెడంతైన కొబ్బరికాయని డబ్బులు పెట్టి కొనుక్కుని, గోడ గడియారం చూసి కొట్టడం నేర్చుకున్నాను. చెత్తకి నాలుగు రకాల డబ్బాలు. గాజు సీసాలు రంగులవారీగా వీధి చివర వెయ్యాలి. ఒక ఆదివారం వేస్తుంటే ఎదురింటాయన బాల్కనీలోంచి వేలు చూపించి బెదిరించాడు. ప్లాస్టిక్ నీళ్ల సీసా తిరిగిచ్చేస్తే పాతిక సెంట్లు వెనక్కొస్తాయి. గడ్డకట్టే చలిలో కూడా రోజూ కిటికీలు బార్లా తెరిచి గాలి మార్చకపోతే గోడలకి బూజు పడుతుంది. కొత్త ఇంటికొచ్చిన మొదటి ఉత్తరం ఎవరిదో తెలుసా? రేడియో, టీవీ చందా వాళ్లది. నెలకి 18.36 యూరోలు. మాకు టీవీ లేదండీ అంటే కుదరదు, ఇల్లుంటే కట్టాల్సిందే.

ఆ ఉత్తరం అసలు మాకెలా చేరిందంటే, బెల్లు వల్ల. ఇక్కడ చాలా భవనాల్లో ఫ్లాట్లకి నంబర్లుండవు. కింద బెల్లు పక్కనా, పోస్టుడబ్బా మీదా ఇంటిపేరుంటుంది. పేరు లేకపోతే ఉత్తరం రాదు. మా ఊళ్లో పోస్టుమేన్ కూడా నంబరు చూడడు, నాన్న పేరుంటే చాలు. దిగిన రోజే ఇంటావిడ అడిగింది, పేరేం రాయించమంటారని. పెళ్లయ్యాక నేను ఇంటిపేరు మార్చుకోలేదు కాబట్టి మాకు రెండున్నాయి. రెండూ రాయించమన్నాం. ఆవిడ అక్షరాలు ఒక్కొక్కటీ అడిగి కాగితం మీద రాసుకుంది. నేను చెప్తున్నాను, కానీ నవంబరులో ఫోన్‌లో చెప్పిన అక్షరాలే చెవుల్లో వినపడ్డాయి. ఇప్పుడు కింద బెల్లు పక్కన రెండు వరుసల్లో రెండు తెలుగు ఇంటిపేర్లు. ఆఫీసు నించి వస్తూ ఇప్పటికీ ఒకసారి చూసుకుంటాను.

2024 ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్లందరం ఒక హాలు తీసుకుని కలిశాం. పులిహోర వడ్డిస్తూ ఒక పెద్దావిడ ఆప్యాయంగా అడిగింది, “ఎక్కడమ్మా మీది? కోనసీమా! ఇంటిపేరేంటి?” టకీమని చెప్పేశాను. ఆవిడ మొహం విప్పారింది. నాకూ హాయిగానే అనిపించింది. విస్తరి పట్టుకుని పక్కకొచ్చాక, ఆ పక్క బల్ల దగ్గర ఒంటరిగా తింటున్న కుర్రాడు కనపడ్డాడు. అతన్ని కూడా అడిగే ఉంటుంది.

పోయినేడాది వేసవిలో నాన్న వీడియో కాల్‌లో మామూలుగా చెప్పారు, పై వాటా మళ్లీ ఖాళీ అయిందని. ఎవరో మొగుడూ పెళ్లాలు వచ్చి చూసుకెళ్లారట, ఆ అమ్మాయి నర్సట.

“ఇచ్చావా?”

“చూద్దాంలే. మా అమ్మాయి వాళ్లు సెలవులకొస్తున్నారని చెప్పాను.”

మళ్లీ నేనే! నాలుగు నెలలు ఇల్లు దొరకని సంగతి నేను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. బాధపడతారని ‘బానే ఉంది, చూస్తున్నాం’ అని నెట్టుకొచ్చాను. ఆ రోజు చెప్పాను. ఫోన్‌లో ఆ పెద్దాయన ఇంటిపేరు అడగడం, అక్షరాలు చెప్పించుకోవడం, ‘మా అమ్మాయి కోసం’ అనడం, అంతా చెప్పాను.

నాన్నకి ఎంత కోపం వచ్చిందో! “నీకు లేదన్నాడా వాడు? నీకేం తక్కువే? అంత జీతం, అంత చదువు! పేరు చూసి లేదంటాడా?”

“ఆ టీచరమ్మకేం తక్కువ నాన్నా?”

“ఏ టీచరమ్మ?”

ఆయనకి నిజంగా గుర్తులేదు. వెనక వంటింట్లోంచి అమ్మ గొంతు వినపడింది, “అదేనండీ, నల్ల గొడుగాయన కూతురు.” తొమ్మిదేళ్లు అయింది, అమ్మకి గొడుగు కూడా గుర్తుంది. నాన్న కాసేపు ఫోన్‌లోకి కాకుండా పక్కకి చూశారు. “సర్లే, నీకు పొద్దున్నే ఆఫీసుంది, పడుకో” అని పెట్టేశారు. మాకప్పటికి సాయంత్రం ఐదు కూడా కాలేదు.

రెండు వారాలు ఆ మాట ఎవరం ఎత్తలేదు. ఒక ఆదివారం వీడియోలో నాన్న వెనకాల, మా మెట్ల కింద, ఎర్ర స్కూటీ కనపడింది.

“ఎవరిది నాన్నా అది?”

“పై వాటావాళ్లది. ఆ నర్సమ్మది.”

“ఇంటిపేరు అడగలేదు కదా?”

“అడిగాను. అడక్కుండా ఎలా ఉంటానే? నోటికి అలవాటు.” కాస్త ఆగి అన్నారు, “అడిగే ఇచ్చాను.”

మా నాన్న మారిపోయారని నేను రాయను. అడగడం మానలేదు, తాళం మాత్రం ఇచ్చారు. ఎర్ర స్కూటీ ఇప్పటికీ అక్కడే ఉంది. అమ్మ మొన్న, ఆ అమ్మాయి బీపీ చూసి మాత్ర వేళకి వేసుకోమని కోప్పడిందని చెప్పింది. పైకి కూరలు పంపిస్తున్నానని కూడా చెప్పింది.

ఆ నర్సమ్మ కిందకొచ్చినప్పుడు కాఫీ ఏ గ్లాసులో ఇస్తున్నావని అమ్మని అడగాలనుంది. ప్రతి ఆదివారం అనుకుంటాను. ఇంకా అడగలేదు.